ఫోకస్, ఏకాగ్రత, శ్రద్ధ, ధ్యాస: పిల్లలతో ఏ మాట మేలు?

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న రాత్రి భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి ఒకే పేజీ దగ్గర ముప్పావుగంట కూర్చుంది. "కాస్త ఫోకస్ పెట్టమ్మా" అన్నాను. "పెడుతూనే ఉన్నా నాన్నా, నిలవట్లేదు" అంది. ఆ జవాబు రెండు రోజులు నా మనసులో తిరిగింది. అసలు నేను ఏం పెట్టమన్నట్టు?

ఫోకస్ లాటిన్ మాట. అసలు అర్థం పొయ్యి, ఇంట్లో నిప్పు ఉండే చోటు. దాన్ని 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ కాంతి గురించి రాసిన పుస్తకంలో గణితపు మాటగా వాడాడు. ఎండలో భూతద్దం పట్టుకుంటే ఆ పేరు ఎంత బాగా అమరిందో తెలుస్తుంది. కాగితం మీద వెలుగు వలయం చిన్నదై, ఇంకా చిన్నదై చుక్కవుతుంది. చుక్క చుట్టూ గోధుమరంగు పాకుతుంది. సన్నగా పొగ లేస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ చుక్క పేరు నాభి, కటకం (లెన్స్) నుంచి దానికున్న దూరం నాభ్యంతరం. లెక్కల్లో, కటకాల పాఠంలో నాభి చక్కటి మాట, మార్చాల్సిన పని లేదు. కెమెరా దగ్గర మాత్రం ఫోకసే మేలు. ఫొటోలో మొహం మసకగా వస్తే "ఫోకస్ తప్పింది" అంటే అందరికీ అర్థమవుతుంది.

చిక్కంతా మనసు దగ్గరికి వచ్చేసరికే. కెమెరా అయితే "ఫోకస్ చెయ్యి" అంటాం, పిల్లలతో "ఫోకస్ పెట్టు" అంటాం. ఈ "పెట్టు" మనం ఎప్పటినుంచో అంటున్న "దృష్టి పెట్టు", "మనసు పెట్టు" నుంచి వచ్చింది. పాత మాట చోట కొత్త మాట కూర్చుంది, క్రియ మాత్రం మనదే. వార్తల్లో "రోడ్ల మరమ్మతులపై ఫోకస్" అన్నా, "దృష్టి" అన్నా పెద్ద తేడా లేదు.

చదువుకునే పిల్లల దగ్గర తేడా ఉంది. మన మాటల పక్కన వచ్చే క్రియలు చూడండి. శ్రద్ధ పెడతాం. గురి చూస్తాం. ఏకాగ్రత కుదురుతుంది. ధ్యాస మళ్లుతుంది. మొదటి రెండూ మన చేతిలో ఉన్నవి. తర్వాతి రెండూ వాటంతట అవి జరగాలి.

శ్రద్ధలో జాగ్రత్త, ఇష్టం రెండూ ఉన్నాయి. "జ్వరాన్ని అశ్రద్ధ చెయ్యొద్దు" అంటారు డాక్టర్లు. ఆ చోట ఫోకస్ నిలబడదు. దస్తూరి బాగుచేసుకో, లెక్క మళ్లీ సరిచూసుకో అని చెప్పడానికి "శ్రద్ధగా చెయ్యి" కంటే మంచి మాట నాకు తెలియదు. ఏకాగ్రత అంటే మనసు ఒకే మొన మీద నిలవడం. చుట్టూ టీవీ మోగుతుంటే, కడుపు ఖాళీగా ఉంటే, నిద్ర చాలకపోతే అది కుదరదు. కాబట్టి "ఏకాగ్రత కుదరట్లేదు" అని పిల్లలు అంటే తప్పు వాళ్లది కాదు, ముందు టీవీ కట్టెయ్యాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది ధ్యాస. "వాడి ధ్యాసంతా ఆట మీదే", "పనిలో పడితే తిండి ధ్యాస ఉండదు" అంటాం. ప్రేమో దిగులో లాగిన చోటికి ధ్యాస పోతుంది. ఫోకస్ లేదు అంటే ఏదో లోటున్నట్టు వినిపిస్తుంది. ధ్యాస ఇక్కడ లేదు అంటే ఇంకెక్కడో ఉందని అర్థం, ఎక్కడుందో అడగొచ్చు. పిల్లలతో మాట్లాడేటప్పుడు నా ఓటు దీనికే. పని చెప్పేటప్పుడు శ్రద్ధ, పిల్లలు ఇబ్బంది పడుతున్నప్పుడు ధ్యాస.

నిన్న రాత్రి మళ్లీ అదే పుస్తకం, అదే పేజీ. ఈసారి పక్కన కుర్చీ వేసుకుని, "ధ్యాస ఎటు పోతోందమ్మా?" అని అడిగాను. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, తన పక్క బెంచీ స్నేహితురాలు పది రోజులుగా బడికి రావట్లేదని చెప్పింది. వాళ్ల అమ్మ ఫోన్ నంబరు ఇంట్లో ఎక్కడో రాసి ఉండాలి. పుస్తకం మూసి ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం.