టైమర్ తాళం పెట్టె: నాలుగు నెలలు వాడాక

ఈ పెట్టె ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోన్ పక్క గదిలో పెట్టుకోవడానికి పెట్టె కొనాలా అండీ?" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలు వాడాక కొంత ఉంది, అందుకే ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలామంది చేస్తున్నారు, చూసినంతలో అన్నీ ఒకలాగే ఉన్నాయి.

తెలియని వాళ్లకు చెప్పాలంటే, ఇది అవతలికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా, మూతలో టైమర్. ఫోన్ లోపల పడేసి, మూత మీది గుండ్రటి బటన్ తిప్పి ఎంతసేపో పెట్టి నొక్కితే 5 నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. ఆ 5 సెకన్లలో మనసు మార్చుకోవచ్చు. తర్వాత లోపల టక్‌మని గొళ్లెం పడిందంటే ఇక టైమ్ అయ్యేదాకా రాదు. పాస్‌వర్డ్ లేదు, దొంగదారి లేదు, మరీ అవసరమైతే పగలగొట్టుకోవడమే. రోజుల లెక్కన కూడా తాళం వేసుకోవచ్చు గానీ, ఆ ధైర్యం ఎవరికుందో వాళ్లకో దండం.

ఇది కొనకముందు ఫోన్‌లో ఉండే పరిమితులే వాడేవాణ్ణి. ఏ యాప్‌కి రోజుకి ఎంతసేపో మనమే పెట్టుకునే సౌకర్యం 2018లో ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ వచ్చింది కదా, అది. మొదట్లో బాగానే పనిచేసింది. "మీ సమయం అయిపోయింది" అని తెర రాగానే సిగ్గుపడి ఫోన్ పక్కన పెట్టేవాణ్ణి. నెల తిరక్కుండానే, దాన్ని దాటేసే బటన్ ఎక్కడుందో నా బొటనవేలికి కంఠతా వచ్చేసింది, హెచ్చరిక చదవకముందే నొక్కేసేది. తాళమూ నాదే, తాళంచెవీ నాదే అయితే ఇంతే మరి.

పెట్టెతో మొదటి వారం మాత్రం నాకు కళ్లు తెరిపించింది. ఒక పొడుగాటి రిపోర్ట్ రాస్తున్నా, ఫోన్ పెట్టెలో ఉంది, ఒక పేరా ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. ఎడమ చెయ్యి తనంతట తానే బల్ల మీద ఫోన్ ఉండే చోటికి వెళ్లి, అక్కడేమీ లేక పెన్నుల డబ్బాని తడిమి వెనక్కొచ్చింది. నవ్వొచ్చింది. సరే చూద్దామని, చెయ్యి అటు వెళ్లిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయడం మొదలుపెట్టా, గంటలో 11 గీతలు పడ్డాయి. ఆ గంటలో ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు! ఇన్నాళ్లూ నోటిఫికేషన్లు నా పని చెడగొడుతున్నాయని తిట్టుకున్నాను గానీ, పని కాస్త కష్టమయిన ప్రతిచోటా పారిపోతున్నది నేనే. నోటిఫికేషన్లన్నీ ఆపేసినా నాకెందుకు లాభం లేకపోయిందో అప్పుడు అర్థమైంది.

ఫోన్ ఎదురుగా ఉంటే చాలు, మోగకపోయినా బుర్రలో కొంత భాగాన్ని తినేస్తుందని అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఒక పరిశోధనలో చెప్పారు. సుమారు 800 మందితో చేశారు, ఫోన్ వేరే గదిలో పెట్టిన వాళ్లకు పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. తర్వాత అదే ప్రయోగాన్ని వేరేవాళ్లు మళ్లీ చేస్తే ఆ తేడా రాలేదు, కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. నా వరకు మాత్రం ఎదురుగా ఉండటమే ఇబ్బంది, ఈ పెట్టెకున్న పెద్ద లోపం కూడా సరిగ్గా అదే: లోపలిది కనిపిస్తుంది. మెసేజ్ వస్తే వెలుగుతుంది, వైబ్రేట్ అయితే డబ్బాలో తుమ్మెద పడ్డట్టు రొద. తాళం వేసిన పెట్టెని బల్ల మీద పెట్టుకోవడం కంటే తాళం లేని ఫోన్ సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేయడం నయం అనిపించిన రోజులున్నాయి.

ఓటీపీ సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు ఆఫీసు మెయిల్ ఉన్నట్టుండి లాగౌట్ అయింది, మళ్లీ లోపలికెళ్లాలంటే ఫోన్‌కి వచ్చే కోడ్ కొట్టాలి. టైమర్‌లో ఇంకా 38 నిమిషాలు. కోడ్ వచ్చింది, తెర వెలిగింది, ప్లాస్టిక్ లోంచి మొదటి మూడు అంకెలు కనిపిస్తున్నాయి కూడా, మిగతావి చూద్దామని పెట్టెని ఒంపితే ఫోన్ జారి బోర్లా పడింది. ఎంత ఊపినా తిరగలేదు. ఆ 38 నిమిషాలూ నేను చేసిన ఏకాగ్రత అంతా ఆ పెట్టె మీదే.

ఇంకా నిజం చెప్పాలంటే, పని వేళల్లో దీని వల్ల నాకు సగం లాభమే. ఫోన్ లేకపోతే కంప్యూటర్‌లో ఇంకో ట్యాబ్ ఉంది, ఆఫీసు చాట్ ఉంది. ఒక పని వదిలి ఇంకోదానికి వెళ్తే మొదటి పని తాలూకు ఆలోచన కొంత వెనకే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది, అది నాకు రోజూ అనుభవమే, దానికి ఈ పెట్టె మందు కాదు. చాట్ మూసేసి, గంట తర్వాత చూస్తానని టీమ్‌కి ముందే చెప్పిన రోజున మాత్రం రెండూ కలిసి బ్రహ్మాండంగా పనిచేశాయి.

ఇంట్లో కథ వేరు. సాయంత్రం గంటన్నర ఫోన్ లోపల పెడుతున్నా, టైమర్ తిప్పే పని మా అమ్మాయిది. ఒకసారి రాత్రి పడుకునే ముందు తనే ఉత్సాహంగా తిప్పి 9 గంటలు పెట్టేసింది, నేను చూసుకోలేదు. తెల్లవారుజామున అలారం పెట్టెలో మోగింది, ఆపడానికి లేదు, కాసేపు ఆగి మళ్లీ మోగింది, మళ్లీ మోగింది. ఇల్లంతా లేచింది. ఆ రోజు అందరం ఎక్కడికి వెళ్లాలన్నా గంట ముందే తయారైపోయాం అనుకోండి!

ఎవరికి పనికిరాదంటే, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేక ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియని వాళ్లకు, రాత్రీపగలూ కాల్ అందుకోవాల్సిన ఉద్యోగాల వాళ్లకు. ఇంట్లో ఒక్కరే ఉంటే అసలు వద్దు, ఏదైనా అయితే ఫోన్ చేయడానికే ఉండదు. నేను ముందు మా ఆవిడ నంబర్ అవసరమైన వాళ్లందరికీ ఇచ్చాకే మొదలుపెట్టా. బ్యాటరీలు నెలలకొద్దీ వస్తాయి, మూత గట్టిదే, రెండుసార్లు కింద పడ్డా పగల్లేదు.

5కి 3 ఇస్తా. మళ్లీ కొంటే లోపలిది కనిపించని రంగుదే కొంటా. ప్రస్తుతానికి దీనికి ఒక పాత తువ్వాలు చుట్టి పక్క గదిలో అల్మరా పై అరలో పెడుతున్నాం. మా ఆవిడ మొదటిరోజు చెప్పిన గదిలోనే.