మజిల్ లోడర్ గొట్టానికి సబ్బునీళ్లా, మూడు పాళ్ల మిశ్రమమా?

అమెరికాలో నల్ల తుపాకిమందుతో మజిల్ లోడర్లు (గొట్టం మూతి వైపు నుంచి మందు, గుండు కూరే తుపాకులు) పేల్చే అభిరుచి గలవారికి, కాల్పులు ముగిసిన ప్రతి సాయంత్రం గొట్టాన్ని దేనితో కడగాలా అని ఎదురయ్యే ప్రశ్న ఇది. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లుగా కలిసిన ఆ మందు కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి, కానీ నీటిలో ఇట్టే కరిగిపోతాయి.

ఖర్చు: సబ్బునీళ్లకు దాదాపు ఏమీ కాదు. మర్ఫీ ఆయిల్ సోప్ (చెక్కసామాను తుడిచే ద్రవసబ్బు), 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, రబ్బింగ్ ఆల్కహాల్ (చర్మానికి రాసే స్పిరిట్) సమపాళ్ల మిశ్రమానికి కొన్ని డాలర్లవుతాయి.

శ్రమ: నీళ్లయితే గొట్టాన్ని విడదీసి, మొదలును బకెట్టులో ముంచి, గుడ్డపీలిక తగిలించిన కడ్డీతో నీటిని పైకి లాగుతూ కిందికి తోస్తూ ఉండాలి, మొదట వచ్చే నల్లటి నీటికి కుళ్లిన గుడ్ల కంపు ఉంటుంది. మిశ్రమానికి విడదీయనక్కర్లేదు, మందుకు నిప్పు అందే చిన్న రంధ్రాన్ని మూసి, గొట్టంలో పోస్తే చాలు.

ప్రమాదం: మరిగే నీళ్లు పోస్తే ఆరేలోపే ఎర్రటి పలుచని తుప్పు పడుతుంది, గోరువెచ్చని నీళ్లకు ఆ బెడద తక్కువ. పెరాక్సైడ్ మసితో ఆగక ఉక్కునే ఆక్సీకరిస్తుంది. పైగా అది విడుదల చేసే ఆక్సిజన్ వల్ల బిగుతుగా మూసిన సీసా పగలవచ్చు.

గొట్టం సులువుగా ఊడి వచ్చే తుపాకికి నీళ్లే మేలు. కర్రదస్తాకు మేకులతో బిగించిన పొడవాటి రైఫిలైతే మిశ్రమమే అనువు, అయితే అందులో పెరాక్సైడ్ బదులు నీళ్లు కలపడమే నాకు సబబుగా తోస్తుంది. ఏది వాడినా, వెంటనే పొడిగుడ్డతో తుడిచి నూనె పట్టించాలి.