కువైట్ ఇంజినీర్ల సొసైటీ ఎన్‌ఓసీ: ఫేక్ డిగ్రీలను పట్టే వల, అసలువాళ్లకూ చిక్కే

కువైట్‌లో అకామా (నివాస అనుమతి) మీద ‘ముహందిస్’ (ఇంజినీర్) అని ఉన్న ప్రవాసి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలంటే ముందు కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తేవాలి. 2018 మార్చిలో మ్యాన్‌పవర్ అథారిటీ, అంటే మనవాళ్ల భాషలో షూన్, పెట్టిన షరతు ఇది. ఆ సొసైటీ మంత్రిత్వ శాఖేమీ కాదు, 1962లో పుట్టిన వృత్తి సంఘం. అయినా దాని ముద్ర పడందే షూన్‌లో ఫైలు కదలదు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో బీటెక్ చేసినవాళ్లకు ఈ సేవతో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది. ఐదుకి రెండున్నర మార్కులు ఇవ్వొచ్చు. ఎందుకో చెప్పాలంటే కథ మన దేశంలోనే మొదలవుతుంది.

డాక్టర్‌కు మెడికల్ కౌన్సిల్ నంబరుంటుంది. ఆర్కిటెక్ట్‌కు 1972 చట్టం కింద కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఇంజినీర్‌కు మన దేశంలో అలాంటి చట్టబద్ధమైన రిజిస్టరే లేదు. ‘ఈయన ఇంజినీరేనా?’ అని బయటి దేశం అడిగితే ఔనని చెప్పే ఆఫీసు లేదన్నమాట. అందుకని కువైట్ వాళ్లు దొరికినదాన్ని పట్టుకున్నారు: నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్, అంటే ఎన్‌బీఏ గుర్తింపు. కాలేజీ కోర్సు నాణ్యతకు వేసే ముద్రను మనిషి లైసెన్సులా వాడడంలోనే తిరకాసంతా ఉంది.

ఎక్కువ దరఖాస్తులు చెడేది ఇక్కడే. ‘మా కాలేజీకి నాక్ ఏ గ్రేడ్ ఉంది, ఏఐసీటీఈ అప్రూవల్ ఉంది’ అని ఆ కాగితాలు పెడతారు. ఏఐసీటీఈ ఇచ్చేది కాలేజీ నడుపుకోవడానికి అనుమతి. నాక్ ఇచ్చేది సంస్థ మొత్తానికి గ్రేడు. ఎన్‌బీఏ ఇచ్చేది బ్రాంచికి, అదీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా. ఒకే కాలేజీలో మెకానికల్‌కు ఉండి సివిల్‌కు లేకపోవచ్చు. మీ బ్రాంచికి 2004 నుంచి 2007 దాకా గుర్తింపు ఉండి, మళ్లీ 2009లో వచ్చిందనుకోండి. 2008లో ఫస్ట్ క్లాసులో పాసైనవాడు ఆ సందులో పడిపోతాడు. అతని ముందు బ్యాచ్, వెనక బ్యాచ్ రెండూ గట్టెక్కుతాయి. సిలబస్ అదే, చెప్పిన సార్లూ వాళ్లే.

ఇంకా వింత పాత బ్యాచ్‌లది. ఎన్‌బీఏ పుట్టిందే 1994లో. 1990లో పాసై, పాతికేళ్లుగా సైట్లో ఉన్న సీనియర్‌ను అప్పటికి లేని సంస్థ కాగితం తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తాడు? పైగా ఎన్‌బీఏకు వెళ్లడం కాలేజీ ఇష్టం, నిర్బంధం కాదు. అందుకే పేరున్న సంస్థల్లో చదివినవాళ్లు కూడా 2018లో దిక్కుతోచక ఎంబసీ దగ్గర క్యూ కట్టారు.

సభ్య దేశాలు ఒకరి ఇంజినీరింగ్ కోర్సులను ఒకరు గుర్తించే వాషింగ్టన్ ఒప్పందం చూపించి కొందరు వాదిస్తారు. భారత్ 2014 జూన్ 13న అందులో శాశ్వత సభ్యురాలైన మాట నిజమే. కానీ కువైట్ అందులో లేదు. అదీగాక మన వైపు నుంచి ఆ ఒప్పందం వర్తించేది టయర్-1 కోర్సులకే, అంటే యూనివర్సిటీ, అటానమస్ కాలేజీల కోర్సులకే. జేఎన్‌టీయూకి అఫిలియేట్ అయిన మామూలు కాలేజీ టయర్-2 కిందికి వస్తుంది. ఆ వాదన కౌంటర్ దగ్గర నిలబడదు, టైమ్ దండగ.

కాబట్టి మొదటి పని అటెస్టేషన్ కాదు, ఎన్‌బీఏ సైట్‌లో మీ కాలేజీ, బ్రాంచి, తేదీలు చూసుకోవడం. పాత ఏళ్లవి అక్కడ కనిపించకపోతే కాలేజీ ఆఫీసులో ఎన్‌బీఏ ఇచ్చిన లెటర్ కాపీ అడగాలి. దానిలో బ్రాంచి పేరు, కాలవ్యవధి రెండూ స్పష్టంగా ఉండాలి. ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద ‘మాకు గుర్తింపు ఉంది’ అని రాసిచ్చే కాగితాన్ని నమ్ముకోవద్దు.

ఆ తర్వాత సర్టిఫికెట్లు. ఒక్క ముద్రతో సర్టిఫికెట్ సభ్య దేశాలన్నిటిలో చెల్లే అపోస్టిల్ ఒప్పందంలో కువైట్ లేదు కాబట్టి పాత పద్ధతే: యూనివర్సిటీ వెరిఫికేషన్, డిగ్రీ ఇచ్చిన రాష్ట్రంలో విద్యాశాఖ వాళ్ల హెచ్‌ఆర్‌డీ ముద్ర, విదేశాంగ శాఖ, ఢిల్లీలో కువైట్ ఎంబసీ, చివరికి కువైట్ విదేశాంగ శాఖ. వరస తప్పితే వెనక్కి పంపుతారు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో) పట్టుకుని విమానమెక్కి, ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) ఎప్పుడూ అప్లై చేయనివాళ్లు చాలామంది. ఇక్కడ కావాల్సింది ఓడీనే. ఇంకో ఆచారం లామినేషన్. డిగ్రీ చేతికి రాగానే ప్లాస్టిక్ వేయించి బీరువాలో పెడతారు. ప్లాస్టిక్ మీద స్టాంపు నిలవదు. ఇస్త్రీపెట్టె పెట్టి ఊడదీయబోతే సిరా, హోలోగ్రామ్ దానితోపాటే లేచొస్తాయి. అలాంటి ప్రయోగం చేసేకంటే డూప్లికేట్ ఓడీకి అప్లై చేయడం మేలు.

2008కి ముందు పాసైనవాళ్ల డిగ్రీ మీద ఉత్త జేఎన్‌టీయూ అనే ఉంటుంది. ఆ ఏడాదే అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా చీలింది. కాలేజీ ఇప్పుడు కాకినాడ కింద ఉంటే, ఫైలు చూసే కువైటీ ఉద్యోగికి రెండు వేర్వేరు యూనివర్సిటీల్లా కనిపిస్తుంది. ఆ చీలికను వివరించే యూనివర్సిటీ లెటర్ ఒకటి ముందే జతచేస్తే ఒక తిరుగుడు తప్పుతుంది. డిప్లొమా చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరినవాళ్లు డిప్లొమా మెమోలు కూడా అటెస్ట్ చేయించాలి. లేకపోతే మూడేళ్ల బీటెక్ ఏమిటన్న ప్రశ్న వస్తుంది. దూరవిద్య బీటెక్ అయితే ఆ ఖర్చులోకి దిగకండి. డీమ్డ్ యూనివర్సిటీలు ఏఐసీటీఈ అనుమతి లేకుండా ఇచ్చిన అలాంటి డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టే కాదంది.

అన్నిటికంటే మొండి చిక్కు పేరు. మెమోలో ‘కె. వెంకట ప్రసాద్’. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలోకి వెళ్లి ఉంటుంది. కువైట్ గుర్తింపు కార్డైన సివిల్ ఐడీలో అదే అరబిక్‌లో ఉంటుంది. అరబిక్‌లో ‘ప’ లేదు గనక ప్రసాద్ కాస్తా బ్రసాద్ అవుతాడు. డిగ్రీని అరబిక్‌లోకి తర్జుమా చేసే ఆయన తన చెవికి తోచినట్టు ఇంకోలా రాస్తే నాలుగో మనిషి పుడతాడు. తర్జుమాకు ఇచ్చేటప్పుడే సివిల్ ఐడీ కాపీ చేతికిచ్చి, అక్షరం పొల్లుపోకుండా అదే స్పెల్లింగ్ వేయమనాలి. పొడి అక్షరానికీ పూర్తి ఇంటిపేరుకూ ఉన్న తేడాకు, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోవాలి.

రెండున్నర మార్కులు దేనికంటే, ఫేక్ డిగ్రీలను ఏరడంలో ఈ జల్లెడ గట్టిదే. ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కని డిప్లొమా వాడు ‘ముహందిస్’ పేరుతో డ్రాయింగుల మీద సంతకం పెట్టే రోజులు పోవడం మంచిదే. పోయిన రెండున్నర మార్కులు, పదిహేనేళ్లుగా చేసిన పనికి తూకంలో చోటివ్వకుండా కాలేజీ తేదీలను తూచినందుకు.

ఎన్‌ఓసీ రానివాళ్లలో కొందరు అకామా మీద హోదా మార్చుకుని, ఇంజినీర్ అన్న మాట లేకుండా అదే కుర్చీలో కొనసాగారు. తాత్కాలికంగా ఊపిరాడుతుంది. అయితే తర్వాత కంపెనీ మారేటప్పుడు కాగితం మీది హోదానే లెక్క, అనుభవం సర్టిఫికెట్‌కూ దానికీ పొంతన కుదరదు. ఒప్పుకునే ముందు ఆ మాట కంపెనీ మందూబ్‌తో (ప్రభుత్వ ఆఫీసుల్లో పనులు చూసే మనిషితో) కాకుండా హెచ్‌ఆర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

గడువుకు నాలుగు నెలల ముందైనా మొదలుపెట్టండి. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు, మన ఆఫీసులకు శని, ఆదివారాలు. రెండు వైపులా తలుపులు తెరిచి ఉండేది వారానికి నాలుగు రోజులే. ఇప్పుడు బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉండి గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లు, టీసీ తీసుకునే రోజే కాలేజీ ఆఫీసులో తమ బ్రాంచి ఎన్‌బీఏ లెటర్ జిరాక్స్ ఒకటి అడిగి ఓడీ ఫైల్లో పెట్టుకోవాలి. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలు మూతపడడం కొత్తేమీ కాదు, పదేళ్ల తర్వాత ఆ లెటర్ అడగడానికి ఆఫీసు తలుపు ఉంటుందో లేదో.