బెస్ట్ మ్యాన్ స్పీచ్: కాగితం చూసి చదవాలా, కార్డు పట్టుకుని మాట్లాడాలా?

బ్రిటన్ పెళ్లిళ్లలో వధువు తండ్రి, వరుడు మాట్లాడాక ఆనవాయితీగా బెస్ట్ మ్యాన్ (పెళ్లిలో వరుడికి తోడుగా ఉండే ఆప్తమిత్రుడు లేదా సోదరుడు) వంతు వస్తుంది. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉంటారు, అదే టెన్షన్.

తయారీ: మొత్తం రాసుకుంటే ఒకట్రెండు సాయంత్రాలు చాలు. గుర్తుకోసం నాలుగు మాటలే రాసుకున్న చిన్న కార్డయితే వారం రోజులు పైకి చెప్పుకోవాలి.

నిడివి: ఇంగ్లీషులో 700 పదాలంటే సుమారు ఐదు నిమిషాలు. కార్డుతో సాగదీసే ప్రమాదం ఉంది.

రిస్క్: కాగితం నుంచి తల ఎత్తకపోతే జోకు చప్పబడుతుంది. కార్డుతో మాట మర్చిపోవచ్చు. అంతకన్నా ఘోరం, నవ్వులొస్తున్నాయి కదా అని వరుడి పాత ప్రేమకథ బయటపెట్టేయడం. ఎదురుగా వధువు బామ్మ కూర్చుని ఉంటుంది!

స్టేజీ భయముంటే కాగితమే. పదిమందిలో మాట్లాడే అలవాటుంటే కార్డు. పేర్లు, చివర్లో గ్లాసులెత్తి జంటకు శుభాకాంక్షలు చెప్పే టోస్ట్ వాక్యం మాత్రం దానిమీద పూర్తిగా రాసుకోండి.