పల్చటి గింజల బిస్కెట్లకు 28 లీటర్ల ఓటీజీ: ఏడు నెలల వాడకం తరువాత

ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పొయ్యి, కొన్న ఇంట్లో మొదట తయారయ్యేది సాధారణంగా కేకే. అది పొంగి, పైభాగం గోధుమరంగుకు తిరిగితే ఓవెన్ మంచిదని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. నేనూ అలాగే తేల్చి, కొన్న వారానికే ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను. ఆ తరువాత గింజలు దట్టంగా వేసి, అప్పడంలా పల్చగా, కరకరలాడే బిస్కెట్లు చేయడం మొదలుపెట్టాక వాటిలో రెండు నక్షత్రాలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కేకు గిన్నెలోని పిండి మందంగా, తడిగా ఉంటుంది కాబట్టి ఓవెన్ వేడి పది ఇరవై డిగ్రీలు ఎక్కువైనా తక్కువైనా సర్దుకుంటుంది; రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న బిస్కెట్ అదే తేడాకు ఒక మూల మాడి, మరో మూల మెత్తగా మిగిలిపోతుంది. ఓవెన్ గుణం తెలుసుకోవాలంటే పరీక్షించవలసింది ఈ బిస్కెట్‌తోనని ఇప్పుడు నా అభిప్రాయం.

నేను వాడుతున్నది 28 లీటర్ల, 1600 వాట్ల ఓటీజీ. పైన రెండు, కింద రెండు రాడ్లు, పక్కగోడకు ఒక ఫ్యాను, 100 నుంచి 250 డిగ్రీల వరకు తిప్పుకునే నాబ్, 60 నిమిషాల టైమర్ ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో 7,800 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే సర్వీసు విషయంలో నాకు ఎదురైనది ఒక్క ఇంటి అనుభవమే. పైగా ఈ ధరలో దొరికే నాబ్ ఓటీజీల్లో చాలావాటి నిర్మాణం ఇంచుమించు ఇదే. కొనే ముందు చూసుకోవలసిన సంగతి ఒకటుంది: దీనికి 16 ఆంపియర్ల ప్లగ్గు ఉంటుంది. మా మల్కాజిగిరి ఇంటి వంటగదిలో అలాంటి సాకెట్ ఒక్కటే ఉండడం వల్ల, ఓవెన్ వెలిగించినప్పుడల్లా గ్రైండర్ ప్లగ్గు తీయవలసి వస్తోంది.

ఈ బిస్కెట్ల మీదే ఎందుకు పడ్డానో కూడా చెప్పాలి. ఉస్మానియా బిస్కెట్ పుట్టిన ఊరిలో చాయ్ పక్కన ఏదో ఒకటి లేకపోతే మా మామగారికి సాయంత్రం గడవదు. మందంగా, వెన్నతో గుల్లగా, తీపీ ఉప్పూ కలిసిన ఆ బిస్కెట్‌ను కాదనే ధైర్యం నాకు లేదు. కానీ రోజూ తినదగినది కాదని డాక్టరు గారు చెప్పిన తరువాత సూపర్ మార్కెట్‌లో గింజల బొమ్మలున్న ఒక ప్యాకెట్ తెచ్చాను. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఆ ప్యాకెట్ మీద మొదటిది మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్; అట్ట మీద అంత గొప్పగా కనిపించిన గుమ్మడి గింజలు ఉప్పుకు కాస్త ముందు, చివరి నుంచి మూడో స్థానంలో ఉన్నాయి. అందుకని ఇంట్లోనే చేయాలనుకున్నాను.

గింజలన్నీ బేగంబజార్‌లో కొంటాను. అక్కడ గుమ్మడి, పొద్దుతిరుగుడు, అవిసె, పుచ్చ గింజలు, తెల్ల నువ్వులు విడిగా తూకానికి దొరుకుతాయి కాబట్టి ఒక గింజ కొరికి చూసి కొనవచ్చు, పాతబడిన నూనె వాసన వస్తే వదిలేయవచ్చు. ముఖ్యంగా అవిసెలను పొడి రూపంలో కొనకూడదు. వాటి నూనె గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది. గింజలుగా తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినప్పుడు కావలసినంతే పొడి కొట్టుకోవడం మంచిది. పొడి కొట్టకుండా వేస్తే అవి నమలడానికి దొరక్క, అరగకుండానే బయటికి పోతాయి.

ఇప్పుడు నేను చేస్తున్న కొలత ఇది. గోధుమపిండి 60 గ్రాములు, జొన్నపిండి 40 గ్రాములు, కరిగించిన వెన్న 50, చక్కెర, బెల్లపు పొడి కలిపి 60, ఒక గుడ్డు తెల్లసొన, అన్ని గింజలూ కలిపి 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, ముద్ద కాకపోతే ఒక చెంచా నీళ్లు. జొన్నపిండిలో సాగుడుగుణం లేకపోవడం వల్ల బిస్కెట్ గుల్లబారుతుంది, కానీ సగానికి మించి వేస్తే వత్తేటప్పుడే విరిగిపోతుంది. పచ్చసొన వేయకపోవడానికి కారణం దానిలోని కొవ్వు మెత్తదనాన్ని ఇస్తుంది. తెల్లసొన ఎండి పెళుసుగా మారుతుంది. ముద్దను రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో వత్తి, పైపేపరు తీసి, కజ్జికాయల అంచు కత్తిరించే చక్రంతో గళ్లుగా గీస్తాను. గుమ్మడి గింజ మందమే రెండు మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది కనుక దాన్ని కచ్చాపచ్చాగా దంచకపోతే, కర్ర ఎంత నొక్కినా పిండి అంతకన్నా పల్చబడదు. ఈ చిన్న విషయం తెలియడానికి నాకు మూడు వాయిలు పట్టింది. బేకింగ్ పేపర్‌కు బదులు కిరాణా కొట్లలో దొరికే మామూలు బటర్ పేపర్ వాడితే అది బిస్కెట్ అడుగుకు అతుక్కుని, గోళ్లతో గీకవలసి వస్తుంది.

ఇక ఓవెన్ సంగతి. మొదటి వాయికి నాబ్‌ను 150 దగ్గర పెట్టి, పది నిమిషాలు వేడి చేసి, ట్రేను మధ్య అరలో ఉంచాను. పన్నెండో నిమిషానికి ఎడమవైపు వెనక మూలలో నువ్వులు నల్లబడ్డాయి. తలుపు దగ్గరి వరుస మాత్రం ఇంకా పిండి రంగులోనే ఉంది. నా కొలతలో తప్పుందేమోనని రెండు వారాలు పిండినే మారుస్తూ వచ్చాను. చివరకు ఐదు వందల రూపాయలు పెట్టి, అరకు తగిలించుకునే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. నాబ్ 150 చూపిస్తుండగా థర్మామీటర్ ముల్లు 178 దాకా ఎక్కింది, రాడ్లు ఆరిపోయాయి, ముల్లు 138కి దిగింది, మళ్లీ రాడ్లు ఎర్రబడ్డాయి. అరగంట పాటు తలుపు ముందు కుర్చీ వేసుకుని ఇదే చూశాను.

ఈ ఊగిసలాటకు కారణం యంత్రం చెడిపోవడం కాదు. ఇలాంటి ఓటీజీలో వేడికి వంగే లోహపు పట్టీ ఒకటి కరెంటును ఆపుతూ, వదులుతూ ఉంటుంది. ఆ పట్టీ ఉండేది గోడ దగ్గర, మన ట్రే ఉండేది మధ్యలో. గోడ వేడెక్కిందని పట్టీకి తెలిసేలోపు ట్రే మీద జరగవలసినది జరిగిపోతుంది. పైగా రాడ్లు ఎర్రగా కాలుతున్నప్పుడు బిస్కెట్ మీద పడేది గాలి వేడి ఒక్కటే కాదు, నిప్పు ముందు కూర్చుంటే ముఖానికి తగిలే సెగ లాంటిది కూడా. పిండిలోని తీపి, మాంసకృత్తులు కలిసి గోధుమరంగుకు తిరగడం సుమారు 140 డిగ్రీల దగ్గర ఊపందుకుంటుంది. 178 దగ్గర పల్చటి అంచుకు రంగు తిరగడానికీ మాడడానికీ మధ్య ఒకటి రెండు నిమిషాలకు మించి గడువు ఉండదు. దీన్ని అర్థం చేసుకున్న తరువాత నేను చేసిన మార్పులు మూడు: పది నిమిషాలకు బదులు ఇరవై నిమిషాలు ముందుగా వేడి చేయడం, నాబ్‌ను 130 దగ్గర ఉంచడం, సగం సమయానికి ట్రేను వెనక్కి ముందుకు తిప్పడం. ఆ 130 దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకున్నాను. ఇప్పుడు పద్దెనిమిది నిమిషాలకు వాయి మొత్తం ఒకే రంగులో దిగుతోంది, వెనక మూల ఒక్కటి తప్ప. ఆ మూలలో పిండి పెట్టడమే మానేశాను.

ఓవెన్‌తో ఇచ్చిన ట్రే విషయంలో మాత్రం కంపెనీని సమర్థించలేను. అది నల్లటి ఎనామిల్ ట్రే. నలుపు సెగను ఎక్కువగా పీల్చుకోవడం వల్ల పైన రంగు రాకముందే బిస్కెట్ల అడుగు మాడుతుంది. నూనె కారే పదార్థాలు గ్రిల్ చేసేటప్పుడు కింద పెట్టడానికి అది పనికొస్తుంది. బిస్కెట్లకు మోండా మార్కెట్ దగ్గర కొన్న మామూలు అల్యూమినియం పళ్లెం దానికన్నా ఎంతో మేలుగా పనిచేసింది.

పదార్థాల విషయంలో నా తప్పులూ ఉన్నాయి. ఆరోగ్యమన్న ఉత్సాహంతో మొదట చక్కెర పూర్తిగా తీసేసి బెల్లం వేశాను. రుచి బాగానే ఉంది, కానీ బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ గాలిలోని తేమను లాక్కుంటాయి, త్వరగా రంగు తిరుగుతాయి. పొద్దున చేసినవి సాయంత్రానికి తోలులా సాగాయి. ఇప్పుడు మూడో వంతు మాత్రమే బెల్లపు పొడి వేస్తున్నాను. మా మామగారి చక్కెర వ్యాధికి బెల్లమైనా చక్కెరైనా పెద్ద తేడా లేదు కనుక, ఆయనకు చెప్పవలసింది రోజుకు రెండే అని. గింజల విషయంలోనూ అంతే. నువ్వుల బరువులో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. మంచి నూనే అయినా అది నూనే. డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంటే అన్నం తిన్నంత లోపలికి పోతుంది.

ఇంకో వాయిలో పొద్దుతిరుగుడు గింజలను పొడి కొట్టి, గుల్లదనం కోసం చిటికెడు వంట సోడా వేశాను. దించినప్పుడు బాగానే ఉన్నాయి. మరునాడు విరిచి చూస్తే లోపల ఆకుపచ్చగా, పాచి పట్టినట్టుగా ఉన్నాయి. మా అత్తగారు బూజు అనుకుని, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు డబ్బా మొత్తం అవతల పారబోశారు. నిజానికి ఆ గింజల్లో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసినప్పుడు వచ్చే ఆకుపచ్చ రంగు అది, తినడానికి ప్రమాదమేమీ లేదు. సోడా మానేస్తే సరిపోతుంది. తప్పదనుకుంటే అర చెంచా నిమ్మరసం పిండాలి. శనివారాలు గుడ్డు ముట్టని మా అత్తగారి కోసం తెల్లసొనకు బదులు ఒక చెంచా అవిసెపొడిని మూడు చెంచాల నీళ్లలో నానబెట్టి చేస్తాను. ఆ జిగురు నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ ఉంచాలి, అయినా తెల్లసొనతో చేసినంత కరకర రాదు.

ఫ్యాను గురించి మొదట నాకు సందేహం ఉండేది. దాన్ని ఆన్ చేసి కాలిస్తే పల్చటి పేపరు అంచు లేచి పిండి మీద పడుతుంది, నాలుగు మూలలా చెంచాలు బరువు పెట్టవలసి వస్తుంది. కానీ కాలడం పూర్తయ్యాక నాబ్‌ను 100కు తగ్గించి, తలుపును ఒక చెక్క గరిటె పట్టేంత తెరిచి, ఫ్యానుతో పది నిమిషాలు ఆరబెట్టడానికి అది అద్భుతంగా పనికొచ్చింది. బిస్కెట్ ఓవెన్‌లో ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది, చల్లారాకే గట్టిపడుతుంది. లోపల మిగిలిన తేమ ఎంత పోతే అంత కరకర. జులై, ఆగస్టు ముసురులో ఈ పది నిమిషాలు తప్పనిసరి. పూర్తిగా చల్లారనిచ్చి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెడితే పది రోజులు నిలిచాయి. వేడి మీద మూత పెడితే ఒక్క రాత్రి చాలు.

సర్వీసు మాటకు వస్తే, థర్మామీటర్ ఫొటోలు పంపిన తొమ్మిదో రోజున ఒక అబ్బాయి వచ్చాడు. మర్యాదగానే ఉన్నాడు. నాబ్ తిప్పి, రాడ్లు వెలుగుతున్నాయో లేదో చూసి, “ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అన్నిట్లోనూ ఉంటుంది మేడమ్, కేకు వస్తోంది కదా?” అన్నాడు. కేకు వస్తోందని ఒప్పుకోవలసి వచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందని ఆ సాయంత్రమే ఫోనుకు సందేశం వచ్చింది. తేడా ఎంతవరకు మామూలో వాడకపు పుస్తకంలో ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు రెండు వారాల పిండి, ఆ అబ్బాయికి ఒక ప్రయాణం మిగిలేవి.

కరెంటు ఖర్చు భయపడినంత లేదు. గంటసేపు రాడ్లు ఆగకుండా వెలిగినా 1.6 యూనిట్లు, మధ్య మధ్యలో ఆరిపోతాయి కాబట్టి అంతకన్నా తక్కువే. కేకులు, బ్రెడ్డు, పనీర్ టిక్కా కోసం కొనేవారు ఈ ధరకు నిరభ్యంతరంగా కొనవచ్చు. పల్చటి బిస్కెట్ల కోసమే కొనేవారు మరో ఐదు వందలు థర్మామీటర్‌కు, రెండు వందలు అల్యూమినియం పళ్లేనికి కలుపుకుని లెక్క వేసుకోవాలి. నా మూడు నక్షత్రాలు అలాగే ఉంచుతున్నాను. వారంటీ ఇంకా ఐదు నెలలుంది, తలుపు పైఅంచు దగ్గర సన్నగా ఆవిరి బయటికి వస్తోంది. అది పెరిగితే మళ్లీ ఫోను చేస్తాను, ఈసారి కేకు సంగతి ఎత్తను.