కోట్ల వేలమా, కొలువిచ్చే పతకమా: మన బరంపురం పిల్లలకి ఏది మేలు?

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో పిల్లాడు కాస్త చురుగ్గా పరిగెడితే చాలు, బ్యాట్ కొనిపెడతారు. తప్పు కాదు. మనకి కనిపించే ఆటగాళ్లంతా క్రికెటర్లే. కానీ పదకొండు పన్నెండేళ్లు వచ్చి, పిల్లాడికి నిజంగానే ఒంట్లో సత్తా ఉందని తేలినప్పుడు ఇంట్లో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఐపీఎల్ స్టార్ దారిలో నడిపించాలా? పతకం, దాని వెంట వచ్చే ఉద్యోగం దారిలో నడిపించాలా? డబ్బు, పేరు, జనం మీద ప్రభావం, ఈ మూడింటిలోనూ రెండు దారులకీ చాలా తేడా ఉంది.

శిఖరం మీద డబ్బు చూస్తే అసలు పోటీయే లేదు. 2024 నవంబరు ఐపీఎల్ వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌కి రూ. 27 కోట్లు పెట్టింది. అదే సీజన్‌లో మళ్లీ మొదలైన హాకీ ఇండియా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ధర పలికింది భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌కి, రూ. 78 లక్షలు. ఒలింపిక్ పతకాలు తెచ్చిన కెప్టెన్ పరిస్థితి అది. కబడ్డీ కాస్త నయం. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కి రూ. 2.6 కోట్లు ఇచ్చింది. అయినా క్రికెట్ దరిదాపుల్లోకి రాదు.

అయితే మనం చూడాల్సింది శిఖరం కాదు, మధ్యలో ఆగిపోయినవాడి బతుకు. పంత్ అమ్ముడైన ఆ వేలానికి 1574 మంది పేర్లిచ్చారు, 182 మందిని కొన్నారు. అందులో 62 మంది విదేశీయులు. ఈ 1574 మంది కూడా గల్లీ కుర్రాళ్లు కారు, చాలామంది ఇప్పటికే రాష్ట్ర జట్టుకో దేశానికో ఆడినవాళ్లు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ పోటీల దాకా చేరినా క్రికెట్ బాగానే పెడుతుందని ఒప్పుకోవాలి. ఇరవై మ్యాచ్‌లలోపు అనుభవం ఉన్నవాడికి తుది జట్టులో ఉంటే రోజుకి రూ. 40,000. సీజన్‌లో నాలుగు రోజుల లీగ్ మ్యాచ్‌లు ఏడు ఆడితే రూ. 11 లక్షలు దాటుతుంది. ఏ మధ్యతరగతి ఇంటికైనా అది గౌరవమైన సంపాదనే. కానీ ఒడిశా మొత్తానికి రంజీ జట్టు ఒక్కటే, మైదానంలోకి దిగేది పదకొండు మంది. జిల్లా జట్టులో బాగా ఆడి, ఇరవై రెండేళ్లకి రాష్ట్ర జట్టు తలుపు దగ్గర ఆగిపోయిన కుర్రాడి చేతిలో ఏముంటుంది? ఆ వయసు వాళ్లు మనకి ప్రతి పేటలోనూ కనిపిస్తారు. చదువు సగంలో ఆగింది, ఆట ఆగింది, టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో వచ్చే బహుమతి డబ్బే ఆదాయం.

పతకం దారిలో ఆగిపోయినవాడికి మెట్లు ఇంకా ఉంటాయి. రైల్వే, సైన్యం, పోలీసు, ప్రభుత్వరంగ సంస్థల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఒలింపిక్స్ వాళ్లకే కాదు, జాతీయ పోటీల్లో రాణించినవాళ్లకీ ఉన్నాయి. జావెలిన్ విసిరే నీరజ్ చోప్రా 2016లో జూనియర్ ప్రపంచ రికార్డు కొట్టినప్పుడే సైన్యం నాయబ్ సుబేదార్‌గా తీసుకుంది. టోక్యో స్వర్ణం ఇంకా ఐదేళ్లు దూరంలో ఉంది. క్రికెటర్లకీ ఈ కోటా ఉంది, కాకపోతే అక్కడి రద్దీ వేరు.

అన్ని ఆటల్లోనూ నా మనసు బరువులెత్తే ఆట, అంటే వెయిట్‌లిఫ్టింగ్ వైపే మొగ్గుతుంది. దానికి కారణం మన నేలే. బరంపురంలో రైలెక్కి ఇచ్ఛాపురం, పలాస దాటి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగితే అదే ఆముదాలవలస. దాని పక్కన ఊసవానిపేట కరణం మల్లీశ్వరిది. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. ఇటు బరంపురం కుర్రాడు కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల స్వర్ణం, 2014లో గ్లాస్గోలో 77 కిలోల రజతం గెలిచాడు. ఈ ఇద్దరూ మన యాస వినబడే చోట పుట్టినవాళ్లే. బలానికి ఈ ప్రాంతంలో పేరు ఇంకా పాతది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి పేరు శ్రీకాకుళం స్టేడియానికి ఈరోజుకీ ఉంది.

ఇంకో మాట. క్రికెట్‌లో సెలెక్టర్ కంట్లో పడాలి. కటక్, భువనేశ్వర్‌లలో ట్రయల్స్‌కి వెళ్లినవాడికి రెండు ఓవర్లు దొరికితే గొప్ప, ఆ రెండు ఓవర్లలో బంతి సరిగ్గా పడకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. బరువుల బార్ ముందు నిలబడ్డవాడికి ఆ బాధ లేదు. ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో మూడు అవకాశాలు, భుజాల దాకా లేపి తర్వాత పైకెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. ఎన్ని కిలోలు లేపావో అన్నే నీ ఖాతాలో పడతాయి. సిఫారసు చేసేవాళ్లు ఎవరూ లేని ఇంటి పిల్లలకి ఇంతకన్నా న్యాయమైన ఆట నాకు తెలియదు.

దీనికీ చెడ్డ పక్క ఉంది, దాచకూడదు. తిండి ఖర్చు ఎక్కువ. గుడ్లు, మాంసం, పాలు రోజూ కావాలి. అంతకన్నా ప్రమాదం జిమ్ముల్లో అమ్మే డబ్బాలు. ఏముందో తెలియని పౌడరు తాగి డోపింగ్ పరీక్షలో దొరికితే నిషేధం పడుతుంది. ‘నాకు తెలియదు’ అంటే వదలరు, ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. ఈ ఆటలో పెద్ద పేర్లు కూడా ఇలా మట్టికొట్టుకుపోయాయి. కోచ్ ఇచ్చాడు కదా అని తల్లిదండ్రులు కళ్లు మూసుకోవద్దు.

హాకీ సంగతికి వస్తే, 2018 నుంచి భారత జట్ల చొక్కాల మీద ఉన్న పేరు ఒడిశా. 2018, 2023 ప్రపంచకప్‌లు ఇక్కడే జరిగాయి. పారిస్ ఒలింపిక్స్ కాంస్యం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆ జట్టులోని ఒడిశా ఆటగాడు అమిత్ రోహిదాస్‌కి రూ. 4 కోట్లు ప్రకటించింది. చూడటానికి ఇదే రాజమార్గంలా ఉంటుంది. కానీ ఆ హాకీ నేల సుందర్‌గఢ్, రాష్ట్రానికి ఉత్తరపు చివర. అక్కడి పల్లెల్లో పిల్లలు నడక రాగానే కర్ర పడతారు. మన పిల్లాడు పన్నెండేళ్లకి మొదలుపెట్టి వాళ్లతో పోటీపడాలంటే ఇల్లు వదిలి హాస్టల్‌కి పోవాల్సిందే. సీటు దొరికితే పంపండి. దొరక్కపోతే దాని చుట్టూ ఆశలు కట్టుకోవద్దు.

బ్యాడ్మింటన్ గురించి అడుగుతారు, పీవీ సింధు ఉంది కాబట్టి. 2018లో ఫోర్బ్స్ లెక్క ప్రకారం ఆమె సంపాదన 85 లక్షల డాలర్లు, అందులో ఆట మీద వచ్చిన బహుమతి డబ్బు 5 లక్షలే. మిగతాదంతా ప్రకటనలది. ఆ ప్రకటనలు ఒకరిద్దరికే వస్తాయి. షటిల్స్ ఖర్చు, కోచింగ్ కోసం హైదరాబాద్ కాపురం మాత్రం అందరికీ తప్పవు.

ఇక స్టార్లు జనం మీద చూపించే ప్రభావం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇక్కడే. క్రికెట్ స్టార్లు ఏళ్ల తరబడి డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ యాప్‌లకి ప్రచారం చేశారు. ‘టీమ్ కట్టు, గెలుచుకో’ అని వాళ్లు నవ్వుతూ చెబితే మన కుర్రాళ్లు జీతం డబ్బులు, చివరికి అప్పు తెచ్చిన డబ్బులు కూడా పోసి పోగొట్టుకున్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపే దాకా ఇది సాగింది. అంత పేరున్నవాళ్లు ఒక్కరు గట్టిగా కాదని ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో. పుల్లెల గోపీచంద్‌ని చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచి, కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాడు. తర్వాత హైదరాబాద్‌లో అకాడమీ పెట్టాడు. సైనా, సింధు, శ్రీకాంత్ ఆ కోర్టుల్లో తయారైనవాళ్లే. డబ్బులో ఆయన క్రికెటర్లకి సాటి రాకపోవచ్చు. ప్రభావంలో మాత్రం ఆయనే పెద్ద స్టార్ అని నేను నమ్ముతాను.

కాబట్టి మగపిల్లాడైతే, ఇంటి దగ్గర మంచి కోచ్ ఉన్న పతకం ఆటే మేలు. క్రికెట్ సరదాగా ఆడనివ్వండి, అండర్-16లో రాష్ట్ర స్థాయికి ఎంపికైతే అప్పుడు మళ్లీ ఆలోచించండి. ఏ దారైనా కాగితాలు ముందే సరిచూసుకోండి. మన తెలుగువాళ్ల ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరో దాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. నివాస పత్రం, ఆధార్, స్కూలు టీసీ, పతకం సర్టిఫికెట్ నాలుగింటిలో పేరు ఒకేలా లేకపోతే ఉద్యోగం దగ్గరికొచ్చాక టెన్షన్ మొదలవుతుంది. నివాస పత్రాలు ఇచ్ఛాపురం అవతల ఆంధ్రాలోని చుట్టాల చిరునామాతో ఒకటి, బరంపురం చిరునామాతో ఒకటి తీసుకునే పని అసలు చేయవద్దు.

ఆడపిల్ల అయితే నా తూకం మారుతుంది. 2022 నుంచి బీసీసీఐ మహిళలకీ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తోంది: టెస్టుకి రూ. 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది, తొలి వేలంలోనే స్మృతి మంధానకి రూ. 3.4 కోట్లు వచ్చాయి. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణిని 2024 డిసెంబరులో ఆ లీగ్‌లోని ఢిల్లీ జట్టు రూ. 55 లక్షలకి తీసుకుంటే, ఏడాది తిరక్కుండానే ఆమె వన్డే ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. అబ్బాయిల క్రికెట్‌లో ఉన్న రద్దీ ఇక్కడ ఇంకా రాలేదు. మీ అమ్మాయి ఎడమచేత్తో బాగా బంతి వేస్తుంటే బరువుల దగ్గరికి లాక్కెళ్లవద్దు, క్రికెట్టే ఆడించండి. సాయంత్రం మైదానమంతా మగపిల్లలే ఆక్రమిస్తారు కాబట్టి, హెడ్‌మాస్టర్ గారిని కలిసి పొద్దున ఆరింటికి నెట్ అడగండి.