సౌత్‌పోర్ట్‌లో రాత్రి బస వద్దు

ఇంగ్లండ్ పాప్ గాయకుడు మార్క్ ఆల్మండ్ గొంతంటే నాకు ప్రాణం. ఆయన 1957లో పుట్టిన సముద్రతీర పట్టణం సౌత్‌పోర్ట్‌ను, పాడటం మొదలుపెట్టిన లీడ్స్‌ను చూడాలని మా బావగారిని వెంటబెట్టుకుని బయలుదేరాను. లివర్‌పూల్ నుంచి రైలు ముప్పావు గంటలో సుఖంగా చేర్చింది.

బస మాత్రం నిలువు దోపిడీ. ‘సముద్రానికి ఎదురుగా’ అన్న ప్రకటన నమ్మి రాత్రికి 84 పౌండ్లు ముందే కట్టాం. కిటికీ తెరిస్తే పక్కింటి ఇటుక గోడ! గదంతా చెమ్మ వాసన. రాత్రి తొమ్మిదికే హీటర్ ఆపేశారు. నిలదీస్తే, ‘పై అంతస్తు నుంచి నీళ్లు కనిపిస్తాయి, ఇంకో 15 పౌండ్లు ఇవ్వండి’ అన్నాడు యజమాని. ఇచ్చాం. అక్కడి నుంచి కనిపించింది మెరైన్ లేక్ అనే కృత్రిమ సరస్సు. ఆ ఊళ్లో ఆటు వేళ సముద్రం ఇసుక మేటలు దాటి ఎంతో దూరం వెళ్లిపోతుంది. అద్దెలకిచ్చే మనిషికి ఆ సంగతి తెలియదా? డబ్బు వెనక్కి ఇమ్మంటే ముఖం తిప్పుకున్నాడు. 1860 నాటి పియర్ (సముద్రంలోకి కట్టిన పొడవాటి నడక వంతెన) కూడా మరమ్మతుల కోసం మూసి ఉండటంతో బావగారు ఆ రాత్రి నాతో మాట్లాడనే లేదు.

మర్నాడు లార్డ్ స్ట్రీట్‌లోని గాజు చూరుల కింద ఒక చిన్న హోటల్ మమ్మల్ని మళ్లీ కలిపింది. మసాలా వెన్నలో పేర్చిన చిట్టి రొయ్యలు, వేడి టోస్టు: 9.50 పౌండ్లు. బావగారు రెండో పళ్లెం తెప్పించుకున్నారు!

లీడ్స్‌లో స్టేషన్ దగ్గర 71 పౌండ్లకే శుభ్రమైన గది, కడుపు నిండా ఉపాహారం. ఇప్పుడు లీడ్స్ బెకెట్ యూనివర్సిటీగా మారిన పాలిటెక్నిక్‌లోనే, చిత్రకళ చదువుతూ ఆల్మండ్ తన సంగీత సహచరుడు డేవ్ బాల్‌ను కలిశాడు. బాల్ తల్లి ఇచ్చిన 2,000 పౌండ్ల అప్పుతో వారిద్దరి బృందం ‘సాఫ్ట్ సెల్’ తొలి రికార్డు 1980లో వచ్చింది. మరుసటి ఏడాదే వారు పాడిన ‘టెయింటెడ్ లవ్’ బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 1960ల్లో అమెరికా గాయని గ్లోరియా జోన్స్ పాడినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని పాట అది. సింథసైజర్ మోతల మధ్య ఆల్మండ్ గొంతులోని వేదనే దాన్ని అమెరికా హాట్ 100 పాటల పట్టికలో 43 వారాలు నిలబెట్టిందని నా నమ్మకం. 2004లో లండన్‌లో మోటారుసైకిల్ ప్రమాదం ఆయన్ను కోమాలోకి నెట్టింది. కోలుకుని మళ్లీ వేదికెక్కాడు. ఈ కథ విన్నాక బావగారు ఆ పాట వినిపించమని తానే అడిగారు.

ఒకప్పుడు ఆల్మండ్, వచ్చినవాళ్లు విప్పి ఇచ్చే కోటులను భద్రపరిచే పని చేసిన లీడ్స్‌లోని వేర్‌హౌస్ క్లబ్‌ను పగలు బయటి నుంచే చూశాం. సౌత్‌పోర్ట్‌కు పొద్దున వెళ్లి, రొయ్యలు తిని, సాయంత్రం రైలెక్కేయండి. గది డబ్బు లీడ్స్‌లో ఖర్చు పెట్టండి.